అన్న నొప్పి, వదిన గుండె

కిందటి వారం మా వదిన రేవతిని కుప్పంలో ఆసుపత్రి బల్ల మీద పడుకోబెట్టి, ఒంటికి వైర్లు తగిలించి, అలాగే వదిలేసి వచ్చాం. డాక్టరమ్మ షారోన్ ఈసీజీ చూసి "గుండె బ్రహ్మాండంగా ఉండాదమ్మా" అంది. ఆ మాట వినగానే వదిన బావురుమని ఏడ్చింది. అక్కడికి ఆపాం. మంచి మాట విని మనిషి ఎందుకు ఏడుస్తుందా అని మీరు వారమంతా ఆలోచించి ఉంటారు. తెర ఇవతల బెంచీ మీద కూర్చున్న నేను మాత్రం ఒక్క నిమిషమే ఆలోచించాను, అదీ తప్పుగా. సంతోషం పట్టలేక ఏడుస్తోందనుకున్నాను.

కొత్తగా చదివేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. నా పేరు మురళి. పుంగనూరులో ఎరువుల అంగడి పెట్టుకున్నాను. మా అమ్మ శాంతకుమారి నా దగ్గరే ఉంటుంది. మా అన్న రాజగోపాల్‌ది మదనపల్లెలో టమోటా మండీ. రైతులు తెచ్చిన సరుకును వేలం పాడి బయటి ఊళ్ళ వ్యాపారులకు ఇప్పించడం ఆయన పని. వచ్చే మాఘంలో అన్నకు అరవై నిండుతాయి. మా ఇంట్లో ఇంతవరకు ఏ మగవాడూ అరవై చూడలేదు. మా తాత, మా నాయన సుబ్బరాయుడు, మా చిన్నాయన, అందరూ యాభై దాటాక దారిలో ఎక్కడో దిగిపోయినవాళ్ళే. ఆడవాళ్ళ సంగతి వేరు. మా నాయనమ్మ తొంభై దాటాక కూడా కూర్చుని చెనక్కాయలు వొలిచింది. మా అమ్మ ఎనభై దాటి ఇంకా నన్ను తిట్టే ఓపికతో ఉంది. మా ఇంటి హాల్లో గోడ నిండా మగవాళ్ళ ఫోటోలు ఉంటాయి, వాటి కింద చాప మీద ఆడవాళ్ళు కూర్చుని ఉంటారు. అందుకే అన్న షష్టిపూర్తి ఊరు ఊరంతా చెప్పుకునేటట్టు చేయాలని పట్టుబట్టాం. మా వంశంలో అదే మొదటిది కాబోతోంది.

ఇంతలో వదినకు ఎదలో నొప్పి అన్నారు. మదనపల్లెలో చూపించుకోనంది. తన పుట్టిల్లు గుడుపల్లె అక్కడికి దగ్గర కాబట్టి కుప్పంలోనే చూపించుకుంటానంది. అన్నకు మండీ వదిలి రావడం కుదరదు గనుక కారు తోలే పని నాకు పడింది. కథ ఇంతవరకు వచ్చింది.

ఇక తెర అవతలికి పోదాం.

"ఏడ్చేదానికి ఏముండాదమ్మా? గుండె బాగుండాదని చెప్పినా గదా" అంది డాక్టరమ్మ.

"అదే మేడమ్ నా ఏడుపు."

కుర్చీ దగ్గరికి లాక్కున్న చప్పుడు వినిపించింది. ఆ డాక్టరమ్మ చిన్నపిల్ల, ముప్పై దాటి ఉండవు. కానీ తొందరపెట్టే రకం కాదు.

"సరే, మళ్ళా మొదట్నుంచి చెప్పు. నొప్పి యాడ మొదలవుతాది?"

"ఎద నడుమ. ఆడ్నుంచి దవడ దాకా గుంజుతాది."

"ఎప్పుడు ఎక్కువ?"

"మెట్లెక్కితే. గట్టిగా అరిస్తే. పొద్దున గడ్డం గీక్కునేటప్పుడు గూడా..."

వదిన అక్కడ ఆగిపోయింది. బెంచీ మీద నా పక్కన కూర్చున్న ముసలామె తెర వైపు చూసి, తర్వాత నా గడ్డం వైపు చూసింది.

"గడ్డం ఎవరిదమ్మా?" అంది డాక్టరమ్మ మెల్లగా.

వదిన ముక్కు చీదుకుంది. ఇంక దాచేందుకు ఏమీ మిగల్లేదు.

"బయట కూర్చోనుండే అన్నా, నువ్వూ లోపలికి రా. ఎట్లాగూ అన్నీ వింటానే ఉండావు" అని పిలిచింది డాక్టరమ్మ. తేలు కుట్టిన దొంగలా లోపలికి పోయి గోడకు ఆనుకుని నిలబడ్డాను.

నొప్పి వదినది కాదు. అన్నది. రెండు నెలల నుంచి వస్తోందట. మండీలో ఎవరికైనా తెలిస్తే ఎట్లా అని అన్న నోరు విప్పలేదు. రైతులు ఆ మండీకి వచ్చేది అన్న గొంతు కోసం. ఆయన పెట్టె మీద నిలబడి పాట ఎత్తుకున్నాడంటే అవతల బస్టాండు దాకా వినిపిస్తుందని పేరు. ఆయనకు గుండె బాగలేదని పొక్కితే, మరుసటి రోజే బండ్లు పక్క మండీ ముందు ఆగుతాయి. అది ఆయన భయం.

"అందుకని నన్ను పంపించినాడు మేడమ్" అంది వదిన. "నీకు వచ్చినట్లు సెప్పు, డాక్టరు ఏం మాత్రలిస్తే అవి తీసుకోని రా, నేను మింగుతా అన్నాడు. రోజూ పండుకునేటప్పుడు యాడ నొచ్చింది, ఎంతసేపు నొచ్చింది అని అడిగి తెలుసుకుంటా. మరిసిపోకుండా మళ్ళా మళ్ళా అనుకుంటా. మొదట ఇంకో ఊర్లో ఒక డాక్టరు దగ్గరికి పోయినా. ఆయన పడుకోమని వైర్లు పెట్టినాడు. పెట్టించుకున్నా. అంతా బాగుండాది పొమ్మన్నాడు."

"ఇంటికి పోయి మీ ఆయనకు ఏం చెప్పినావు?"

"ఉండేది ఉండేటట్లే సెప్పినా. ఇది నా గుండె, నీది కాదు, నువ్వొచ్చి సూపించుకో అని. ఆయన నవ్వినాడు మేడమ్. 'మనిద్దరం ఒకే కూడు తింటాండాం, ఒకే ఇంట్లో ఉండాం. నీకు లేంది నాకు యాడ్నుంచి వస్తాది' అన్నాడు. మానేసిన సిగరెట్టు ఆ పొద్దునుంచి మళ్ళా పట్టినాడు. ఇప్పుడు ఈ మంచి మాట గూడా తీసుకోని పోతే ఇంగ ఆయన ఆసుపత్రి గడప తొక్కడు."

నాకు నవ్వు రావాలి. మా అన్న తెలివికి నవ్వకపోతే ఇంకెప్పుడు నవ్వాలి? కానీ వదినను చూస్తే నవ్వు రాలేదు. ఇంకొకరి నొప్పిని ఒక్క ముక్క కింద పడకుండా ఇంత దూరం మోసుకొచ్చి, దాన్ని తన ఒంటి మీద పెట్టుకుని ఈ బల్ల మీద పడుకున్న మనిషి ఆమె. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఆమె చేతి కూడు తింటున్నాను. ఆమె ఇంత గట్టి మనిషని నాకు ఆరోజే తెలిసింది, నిజంగా చేతులెత్తి మొక్కాలనిపించింది.

డాక్టరమ్మ కోప్పడలేదు. ఆమెదీ మదనపల్లే. వాళ్ళ నాయన శాంతిరాజు అక్కడ మిషన్ బడిలో అయ్యవారు. "మీ మండీ ముందర్నుంచే మేము బడికి పోయేది. మీ ఆయన గొంతు నాకూ తెలుసు" అంది. తర్వాత అడిగింది, "ఒకే కూడు అన్నాడు గదా. మీ ఇంట్లో ముందు ఎవరు తింటారు?"

"ఆయన."

"ఏం తింటాడు?"

"అన్నం, నెయ్యి. వారంలో మూడుసార్లు పొట్టేలు కూర ఉండాల."

"నువ్వు?"

"నాకేముండాది మేడమ్. సంగటి ముద్ద, ఆకుల పులగూర. కూర మిగిల్తే కూర."

"ఆయన మండీ నుంచి వచ్చి ఎవరితో మాట్లాడతాడు?"

వదిన ఆలోచించింది. "టీవీ పెట్టుకుంటాడు."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "అన్నా, ఆడవాళ్ళకు పుట్టుకలోనే కొంత కాపుదల ఉండాది. నెలసరి ఆగిపోయేదాకా ఒంట్లో ఊరే హార్మోను గుండెకు అండగా ఉంటాదంటారు. కానీ అది కొంతే. మిగతాది మగోళ్ళు చేతులారా తెచ్చుకునేది. సిగరెట్టు, మందు, లోపల పెట్టుకునే కోపం. అన్నిటికంటే పెద్దది, రారు. వచ్చినా ఆలస్యంగా వస్తారు. ఒకసారి బయటికి చూడు."

తెర తీసి చూశాను. బెంచీల నిండా ఆడవాళ్ళే. మగవాళ్ళు కూడా ఉన్నారు, కానీ ప్రతి మగవాడి పక్కనా అతన్ని లాక్కొచ్చిన ఆడది ఒకతి ఉంది. ఒంటరిగా వచ్చిన మగవాడిని నేనొక్కణ్ణే. నేను డ్రైవరును.

"అట్లని మీకు రాదనుకోవద్దమ్మా" అని డాక్టరమ్మ మళ్ళీ వదినతో అంది. "వయసు మళ్ళినాక ఆడోళ్ళకూ వస్తాది. నొప్పి తక్కువుండి, ఆయాసంతోనో, సల్లటి చెమటతోనో వస్తాది. పని చేసి అలిసిపోయినాంలే అనుకోని కూర్చుంటారు. సరే, ఇది చెప్పు. మీ ఆయనకు ఊరికే కూర్చున్నప్పుడు గూడా నొప్పి వస్తాండాదా?"

"ఈ వారం నుంచి వస్తాండాది."

అంతవరకు నెమ్మదిగా ఉన్న డాక్టరమ్మ మొహం మారిపోయింది. "రేపు కాదు. ఈ పొద్దే చూపించాల. మదనపల్లెలో ఏ ఆసుపత్రి అయినా సరే. రానంటే ఈడికి తీసుకొచ్చేయండి, నేను ఉంటా." సొరుగులో నుంచి ఆస్పిరిన్ మాత్రల పట్టీ తీసి వదిన చేతిలో పెట్టింది. "నొప్పి వస్తే ఒకటి నమిలి మింగమను. ఆ లోపల బయల్దేరండి."

కారు కుప్పం దాటకముందే వదిన అన్నకు ఫోను చేసింది. అవతల మండీ గోల. "నీ గుండె బాగుండాదన్నారా? ఇంగేం మరి" అన్నాడు అన్న. ఈ పొద్దు ఆసుపత్రికి పోవాలి అంటే, రేపు చూద్దామన్నాడు. రేపు పెద్ద లోడు ఉంది, ఎల్లుండి చూద్దామన్నాడు. ఆ తర్వాత ఫోను పెట్టేశాడు.

వదిన ఫోను ఒళ్ళో పెట్టుకుని కాసేపు రోడ్డు చూసింది. తర్వాత మా అమ్మకు చేసింది. ఆ మాటలు నేను పక్కనే ఉండి విన్నాను. "అత్తా, నేను రేవతిని. నొప్పి నాకు కాదత్తా, మీ కొడుక్కి. గుండె నొప్పి. డాక్టరమ్మ ఈ పొద్దే పిల్చుకోని రమ్మంటాండాది. ఆయన రానంటాండాడు." అంతే. ఆ ఫోనులో ఇంతకంటే ఒక్క మాట ఎక్కువ లేదు. ఈ సంగతి మీరు మనసులో పెట్టుకోవాలి, దీంతో మళ్ళీ పని పడుతుంది.

అవతల అమ్మ అంతా వింది. తర్వాత, "మీరు నేరుగా ఇంటికి రాండి. వాణ్ణి నేను రప్పిస్తా" అంది.

మేం పుంగనూరు చేరేసరికి మా ఇంటి ముందు అన్న కారు అడ్డదిడ్డంగా ఆగి ఉంది. తలుపు కూడా సరిగ్గా వేయలేదు. లోపల, గోడ మీది ఫోటోల కింద, నులక మంచం మీద అమ్మ పడుకుని ఉంది. అన్న నేల మీద కూర్చుని విసనకర్రతో విసురుతున్నాడు. ఆయన చొక్కాకు ఇంకా టమోటా రసం మరకలున్నాయి. మండీ మధ్యలో వదిలేసి వచ్చినట్టున్నాడు.

నన్ను చూడగానే మండిపడ్డాడు. "యాడికి పోయినావురా? అమ్మకు గుండెనొప్పి వచ్చి పడుండాది. నీ పెండ్లాం అంగట్లో కూర్చోనుండాది, పిలిస్తే పలికేవాళ్ళు లేరు ఇంట్లో."

నేను చెప్పులతోనే మంచం దగ్గరికి పరిగెత్తాను. వదిన మాత్రం గుమ్మంలోనే నిలబడి అత్త మొహం చూసింది. అమ్మ ఒక్క కన్ను కొద్దిగా తెరిచి, మళ్ళీ మూసింది. ముల్లును ముల్లుతోనే తీయాలంటారు. అమ్మ ముల్లు తీస్తోందని నాకప్పుడు అర్థమైంది.

"ఎప్పట్నుంచమ్మా?" అని అన్న అడుగుతున్నాడు.

"కొన్నాళ్ళ నుంచేలే."

"మరి యాల సెప్పలేదు? ఎట్లుంటాది?"

"ఎద మీద ఎవురో మోకాలు పెట్టి తొక్కినట్లుంటాది. దవడ గుంజుతాది. ఎడమ చెయ్యి బరువవుతాది. సల్లగా సెమట పడతాది. మొదట్లో మిద్దెక్కితేనే వచ్చేది. ఇప్పుడు ఊరికే కూర్చున్నా వస్తాండాది."

అన్న చేతిలో విసనకర్ర ఆగిపోయింది. ఒక చేయి తెలియకుండానే దవడ దగ్గరికి పోయి, మళ్ళీ కిందికి దిగింది.

"గ్యాసేమో గోపాలా" అంది అమ్మ. "ఒక సోడా తెచ్చియ్యి, సరిపోతాది."

"గ్యాసు కాదమ్మా. ఇది గుండె. లెయ్, పోదాం."

"రేపు పోదాంలేరా."

"రేపేందమ్మా? ఇట్లాంటిది రేపటిదాకా ఆగుతాదా?"

"రేపు నీకు పెద్ద లోడు ఉండాదని ఫోనులో నువ్వే అంటివి గదా."

"లోడు పోతే పోనీ. మండీ యాడికి పోతాది? నువ్వు లెయ్."

"పక్కింటోళ్ళు సూస్తే ఏమనుకుంటారు? ముసల్దానికి పోయేకాలం వచ్చిందనుకుంటారు."

"అనుకోనీ. వాళ్ళు వచ్చి నీ నొప్పి పడతారా?" అని అన్న గట్టిగా అరిచాడు. బస్టాండు దాకా వినిపించే ఆ గొంతు మా హాల్లో ఖంగుమంది.

అప్పుడు అమ్మ లేచి కూర్చుంది. కొంగు సర్దుకుంది.

"విన్నావా రేవతీ, వాడి నోటితోనే సెప్పినాడు" అంది. తర్వాత అన్న వైపు తిరిగింది. "ఇప్పుడు సెప్పు నాయనా. నాకొస్తే గుండె. నీకొస్తే గ్యాసా?"

అన్న అమ్మను చూశాడు, వదినను చూశాడు, నన్ను చూశాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు రెండు నెలలు గడిపిన మనిషికి ఒక్కసారిగా అందరి కళ్ళూ తన మీదే ఉన్నాయని తెలిసింది. కోపమొచ్చింది. కోపం తెచ్చుకోవడం ఆయనకు సులభం.

"అందరికీ సెప్పేసినావా?" అన్నాడు వదినతో.

"సెప్పినా" అంది వదిన. అంత నిదానంగా ఆమె అన్నతో మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "నీ నొప్పి రెండు నెలలు నేను మోసినా. ఇద్దరు డాక్టర్ల ముందర అబద్ధమాడినా. వాళ్ళు నా గుండె బాగుండాదంటే, నీకు మంచి జరిగిందని నువ్వు సిగరెట్టు కాల్సుకున్నావు. ఒకే కూడు అంటివి. ఒకే కూడు కాదు. నువ్వు తినేది వేరే, నేను తినేది వేరే. ఒకే ఇల్లు గూడా కాదు. నాకు ఈ ఇంట్లో అత్త ఉండాది, మదనపల్లెలో మన పక్కింటి భవ్య వాళ్ళమ్మ ఉండాది. నొప్పి వస్తే సెప్పుకోను మనుషులుండారు. నీకు ఎవురుండారు? నేనొక్కదాన్నే. నేను సెప్పకుంటే ఇంగెవురు సెప్తారు?"

అన్న తల దించుకున్నాడు. అమ్మ మంచం మీద నుంచి గోడ వైపు చూపించింది. వెనక్కి తిరిగి చూడకుండానే ఏ ఫోటో ఎక్కడుందో ఆమెకు తెలుసు.

"మీ నాయన మండీలో సోడా గ్లాసు సేతిలో పట్టుకోనే పోయినాడు. గ్యాసు అనే అనుకున్నాడు. పొద్దున్నించి నొస్తాండాదని ఆ తర్వాత మన వీధి హమాలీ దాసప్ప సెప్పినాడు. ఆయప్పతో గూడా సెప్పలేదంట, ఎద రుద్దుకుంటా ఉంటే సూసినాడంట. మండీలో అందురూ ఒకర్నొకరు అడుగుతారు, రేటెంత అని. నీకెట్లుండాది అని అడిగేవాడు ఒక్కడుండడు. మీ నాయన పోయినాక నేను గూడా పోతా అనుకున్నా. పోనిస్తేనా? ఈ వీధి ఆడోళ్ళు ఇంట్లోకొచ్చి కూర్చున్నారు. తినేదాకా లేసేవాళ్ళు కాదు. ఈ పొద్దుటికీ సాయంత్రమైతే ఈ చాప మీద చెనక్కాయలు వొలుస్తా ఎవురికి యాడ నొప్పో అన్నీ చెప్పుకుంటాం. దాసప్ప పెండ్లాం కాలి మీది పుండు సంగతి వీధంతా తెలుసు. ఎవురి కడుపులో ఏముండాదో, ఎవురికి నిద్ర పట్టడం లేదో అన్నీ తెలుసు. మాకు సిగ్గు లేదురా నాయనా. సిగ్గు లేనోళ్ళం బతికినాం. మీరు మర్యాద కాపాడుకోని గోడెక్కినారు."

అమ్మ ఆగి ఊపిరి తీసుకుంది. అంత మాట్లాడితే ఎవరికైనా ఆయాసం వస్తుందిలే అనుకున్నాను.

ఆ చాప మీద కూర్చునే ఆడవాళ్ళను నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఊరి కబుర్లు చెప్పుకుంటారని, పని లేక కూర్చుంటారని అనుకునేవాణ్ణి. వాళ్ళు ఒకరినొకరు బతికించుకుంటున్నారని ఆ క్షణం దాకా నా బుర్రకు తట్టలేదు. మా అమ్మను చూస్తే నాకు గర్వం కలిగింది. అంత గర్వం నా అంగడిని చూసుకుని కూడా ఎప్పుడూ కలగలేదు.

అన్న నోరు తెరిచాడు. గొంతు చిన్నదైపోయింది. "రేపు పాట ఎవురు పాడతారు?"

"నేను పాడతా" అంది వదిన.

అన్న తలెత్తాడు. మదనపల్లెలో మా మండీలో ఆడమనిషి వేలం పాడింది ఇంతవరకు లేదు.

"నీకేం తెలుసు?"

"ఇన్నేండ్లుగా రోజూ నిద్రలో పాడతాండావు గదా. పక్కన పండుకునే నేను వింటానే ఉండా. నాకు రాదా?" అంది వదిన. "రైతులకు గూడా నేనే సెప్తా. ఆయనకు గుండె బాగలేదు, సూపిస్తాండాం, బాగై వస్తాడు అని. లోడు పక్క మండీకి పోయేవాళ్ళు పోనీ. నువ్వు ఉంటే మళ్ళా తెచ్చుకుంటాం."

అన్న ఏడ్చాడు. పెద్ద మగవాడు, పంచె అంచుతో కళ్ళు తుడుచుకుంటూ, చిన్నపిల్లవాడిలా వెక్కిళ్ళు పెట్టి ఏడ్చాడు. ఎవరూ ఊరుకోమనలేదు. చివరికి "మదనపల్లె వద్దు. కుప్పం పోదాం" అన్నాడు. లేవబోతూనే ఎద పట్టుకుని మంచం పట్టె మీద కూలబడ్డాడు. వదిన గబగబా పట్టీలోంచి ఒక మాత్ర తీసి నోట్లో వేసింది. అన్న నమిలాడు. చేదుకు మొహం చిట్లించాడే గానీ కిక్కురుమనలేదు. కాసేపటికి నొప్పి తగ్గిందన్నాడు. ఇక్కడే మా ఊరి ఆసుపత్రికైనా పోదామన్నాను. "డాక్టరమ్మ అంతా తెలిసి కూర్చోనుండాది, ఆడికే పోదాం" అంది వదిన.

అమ్మ కూడా వస్తానంది. వద్దన్నాను. "వాణ్ణి రప్పించింది నేను. మధ్యలో దిగి పారిపోతే ఎవురు పట్టుకుంటారు?" అంది. ఇంటి ముందు మెట్లు దిగేటప్పుడు రెండుసార్లు ఆగింది. మోకాళ్ళు అంది. ఈమధ్య మిద్దె కూడా ఎక్కడం లేదు, మిరపకాయలు ఎండబెట్టే పని నా భార్యకు అప్పజెప్పింది. వయసు మరి అనుకున్నాను.

పొద్దు వాలుతోంది. అన్న నా పక్కన ముందు సీట్లో కూర్చున్నాడు, అమ్మా వదినా వెనక. పలమనేరు దాటేసరికి అన్న మొహంలోకి మళ్ళీ కొంచెం కళ వచ్చింది. ప్రమాదం తప్పిందని నాకు నేనే చెప్పుకుని, మనసు తేలికై, మాటలు మొదలుపెట్టాను.

"అమ్మా, నువ్వు నాటకాల్లో చేరాల్సిన దానివి" అన్నాను. "దవడ గుంజుతాది, చెయ్యి బరువవుతాది అని ఎట్లా సెప్పినావు! నేనే భయపడిపోయినా."

అమ్మ కిటికీ అద్దం దించింది.

"అన్నకు వచ్చేది అచ్చం అట్లనే గదా వదినా? భలే నేర్పించినావు మా అమ్మకు."

అద్దంలో వదిన మొహం కనిపించింది. ఆమె నవ్వడం లేదు.

"నేనేం నేర్పించలేదు మురళీ" అంది. "నువ్వు పక్కనే ఉండావు గదా. గుండె నొప్పి అని మాత్రమే సెప్పినా. దవడ సంగతి నేను అత్తకు సెప్పలేదు."

"మరి సల్లటి సెమట?" అన్నాను.

అన్న మెల్లగా వెనక్కి తిరిగాడు. "నాకు సెమట పట్టదు" అన్నాడు. "ఎప్పుడూ పట్టలేదు. అమ్మా?"

నేను అద్దం కొంచెం వంచి చూశాను. అమ్మ కిటికీ వైపు మొహం తిప్పుకుని ఉంది. కుడిచేత్తో ఎడమ భుజాన్ని గట్టిగా పట్టుకుని ఉంది. నుదుటి మీద, చెంపల మీద చెమట తళతళలాడుతోంది. బయట చల్లగాలి వీస్తోంది. వీధిలో అందరి నొప్పులూ విన్న మనిషి, అందరికీ ధైర్యం చెప్పిన మనిషి, తన నొప్పిని మాత్రం ఆ చాప మీద ఒక్కసారి కూడా పెట్టలేదు. ఇందాక మంచం మీద ఆమె చెప్పింది నాటకం కాదు.

వదిన అత్త వైపు జరిగింది. మాత్రల పట్టీ తీసింది. ఇంకొకటి నొక్కి అరచేతిలో పెట్టుకుని అమ్మ నోటి దగ్గరికి తీసుకుపోయింది.

"అత్తా, నములు."

కుప్పం ఇంకా చాలా దూరం ఉంది. అమ్మ ఆ చేతిని మెల్లగా పక్కకు నెట్టింది.

"నాకు యాలనే" అంది. "ఊరికే గ్యాసు."